ఎర్రమల పేరును అరగదీయండి

యాగంటి దారిలో టిఫిన్ హోటల్ పెడుతున్న కుర్రాడొకడు కొత్త రేకు బోర్డు మోసుకుని మా అంగడికి వచ్చాడు. "అన్నా, నల్లమల టిఫిన్స్ అని రాయల్ల. ఎర్ర అక్షరాలు, ఎనకాల పచ్చని కొండలు ఎయ్యి" అన్నాడు. రేకుకు తెల్లరంగు కొట్టి, ఆరబెట్టి, సుద్దదారం లాగి గీతలు కొట్టుకున్నాక ఊరికే అడిగాను.

"నీ హోటల్ ఎనకాల ఉండే కొండ పేరేంది అబ్బీ?"

"కొండే కదన్నా."

"కొండకు పేరుంటాది గదా."

"ఎర్రమల అంటారులే. ఆ పేరు జూసి బండి ఎవరు ఆపుతారన్నా? నల్లమల అంటే హైదరాబాదోళ్లకైనా తెలుసు."

వాడు పుట్టింది ఆ కొండ నీడలో. మేకలు మేపింది ఆ కొండ మీద. ఆ పూట నల్లమల అనే రాసిచ్చాను. బోర్డు వాడిది, బేరం వాడిది. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. ముప్పై ఏళ్లుగా బనగానపల్లెలో బోర్డులు రాస్తున్నాను. శ్రీనివాస అని ఎన్నిసార్లు రాశానో, మల్లికార్జున అని ఎన్నిసార్లు రాశానో లెక్క లేదు. ఎర్రమల అని ఒక్కసారి కూడా రాయలేదు. రాయమని ఎవరూ అడగలేదు, రాయించుకోమని నేనూ ఎవరికీ చెప్పలేదు. ఇన్నాళ్లకు చెబుతున్నాను.

నా మొదటి సలహానే పెద్దల మాటకు ఎదురు. మంచి పేరును దాచుకోవాలని, కనపడినదానికల్లా తగిలిస్తే చులకనైపోతుందని వాళ్లంటారు. కొండ పేరును మాత్రం దాచకండి. ఇడ్లీబండికి పెట్టండి, ఆటోకు పెట్టండి, బర్రెదూడకు పెట్టండి, కడుపున పుట్టిన బిడ్డకు పెట్టండి. అరిగిపోయేదాకా వాడండి.

ముందు ఏ కొండ ఏదో తెలుసుకోండి

మా నేలకు రెండు కొండల బారులు. మధ్యలో కుందూ ఏరు, దానికి అటూ ఇటూ నల్లరేగడి. తూర్పున నల్లమల. కృష్ణ ఒడ్డు నుంచి పెన్న దాకా సాగి, శ్రీశైలాన్నీ మహానందినీ అహోబిలాన్నీ ఒళ్లో పెట్టుకుని ఉంటుంది. పడమర ఎర్రమల. ఎత్తు తక్కువ, నెత్తి చదును, చెట్టు పలచన. బనగానపల్లె దీని అంచున ఉంది.

ఎత్తు తక్కువైనంత మాత్రాన దీనికి ఏమీ లేదనుకోకండి. యాగంటి ఉమామహేశ్వరుడూ, పెరుగుతూ పోతాడని మనమంతా నమ్మే ఆ బసవన్నా ఈ కొండలోనే ఉన్నారు. బేతంచెర్ల దగ్గర మద్దిలేటి నరసింహస్వామిదీ ఈ కొండే. వీరబ్రహ్మం గారు కాలజ్ఞానం రాశారని చెప్పుకునే రవ్వలకొండ మా ఊరి పక్కనే ఉంది. బేతంచెర్ల కడ బిల్లసుర్గం గుహలు, కొలిమిగుండ్ల కడ బెలుం గుహలు కూడా ఈ చాయలోని సున్నపురాయిలో నీళ్లు తొలిచినవే. బెలుం గుహల గురించి 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ దొర రాసిపెట్టాడు. ఆ తర్వాత దాదాపు నూరేళ్లకు, 1982, 83ల్లో, డేనియల్ గెబావర్ అనే జర్మన్ తన మనుషులతో లోపలికి దిగి కొలిచాడు. మూడు కిలోమీటర్లకు పైగా తేలింది. లైట్లు వేసి జనాన్ని దింపడం మొదలుపెట్టింది 2002లో. బెలుం చూసొచ్చిన వాళ్లు నాకు వందమంది తెలుసు. అందులో ఎర్రమల చూసొచ్చామన్న వాళ్లు ఒక్కరూ లేరు.

ఇక్కడే ఇంకో సలహా. యాగంటి నల్లమలలో ఉందని ఎవరైనా అంటే వదిలిపెట్టకండి. పుస్తకంలో అచ్చయినా, వీడియోలో చెప్పినా, పెళ్లిలో పక్కనే కూర్చుని భోంచేస్తున్న పెద్దమనిషి అన్నా సరే, ఆపి చెప్పండి. పెద్దాయన కదా, ఏమనుకుంటాడో అని మొహమాటపడొద్దు. ఆయన చేతిలో ముద్ద దించి వినేదాకా చెప్పండి. నేను చెప్పాను. మా వియ్యంకుడి తమ్ముడు నాతో ఆర్నెల్లు మాట్లాడలేదు. ఇప్పుడాయన యాగంటికి చుట్టాలను తీసుకొచ్చినప్పుడల్లా వాళ్లతో ఎర్రమల అంటున్నాడని మా ఇంటావిడ విన్నది. ఆర్నెల్ల మౌనం దానికి ఎక్కువేం కాదు.

పేరు అందరి నోళ్లలో నలిగితే ఏమవుతుందో చూడండి

2019లో నల్లమలలో, అమ్రాబాద్ వైపు, యురేనియం కోసం వెతుకుతారని తెలిసినప్పుడు జరిగింది గుర్తు చేసుకోండి. అడవిలో ఉన్న చెంచులు వద్దన్నారు, అది వాళ్ల ఇల్లు. వాళ్లతో పాటు ఎన్నడూ ఆ అడవి ముఖం చూడని వాళ్లు కూడా వద్దన్నారు. సినిమావాళ్లు, కాలేజీ పిల్లలు, అమెరికాలో కంప్యూటర్ల ముందు కూర్చున్న మనవాళ్లు అందరూ 'సేవ్ నల్లమల' అన్నారు. ఆ సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ యురేనియం తవ్వకాలు వద్దని తీర్మానం చేసింది.

నల్లమలకు వేరే బలాలూ ఉన్నాయి, కాదనను. పులులున్నాయి. 1978లో అభయారణ్యమైంది, 1983లో పులుల రక్షణ కిందికి వచ్చింది. శ్రీశైలం మల్లన్న ఉన్నాడు. అయితే పులిని చూడనివాడి చేత, మల్లన్న గుడికి పోనివాడి చేత కూడా వద్దనిపించింది ఆ నాలుగు అక్షరాల పేరే. అది అప్పటికే వాళ్ల నోట్లో ఉంది. తేనె సీసా మీద చూశారు, లాడ్జి మీద చూశారు. 2004లో నక్సలైట్లతో చర్చలప్పుడు పేపర్లలో చదివారు. 2009 సెప్టెంబరు 2న ముఖ్యమంత్రి రాజశేఖరరెడ్డి హెలికాప్టర్ కూలినప్పుడు రాత్రంతా టీవీల ముందు కూర్చుని ఆ పేరే విన్నారు. 2022లో ఆ పేరుతోనే సినిమా వచ్చింది. మంచికీ చెడుకీ వాడగా వాడగా ఆ పేరు ఇంటి మనిషి పేరులా అయిపోయింది. శేషాచలం కూడా అంతే. తిరుమల కొండలు శేషాచలంలోవే అయినా ఆ అడవి సంగతి దేశానికి తెలిసింది 2021లో 'పుష్ప' వచ్చాకనే. ఎర్రచందనం దొంగ కథ అని మూతి ముడిచారు కొందరు. నేను ముడవను. ఆ సినిమా చూసిన పిల్లలు పటం తెరిచి శేషాచలం ఎక్కడుందో వెతికారు.

ఎర్రమలను ఎవరు వెతికారు? ఇక్కడ రోజూ కొండ తగ్గుతూనే ఉంది. నాపరాయి కోసం కోస్తారు, సున్నపురాయి కోసం పేలుస్తారు. ఆ రాయితోనే వేలమందికి అన్నం పుడుతోంది. మా బంధువుల్లో సగం మంది బండల పనిలోనే బతికారు, కనుక నేను ఆపమని అరవను. అయితే ఫలానా గుట్ట పోయిందని ఎవరికైనా చెప్పాలన్నా, ఆ గుట్టను ఏమనాలో వినేవాడికి తెలియదు. "అక్కడేదో గుట్ట ఉండేదట" అంటాడు.

పేరు పలచబడుతుందనే భయం వద్దు

ఈ భయం గురించి బనగానపల్లెవాణ్ణి నన్నడగండి. మామిడిపండుతో మా ఊరి పేరు ఎన్ని ఊళ్లు తిరిగిందో మాకు తెలుసు. కృష్ణా జిల్లాలో కాస్తుంది, చిత్తూరులో కాస్తుంది, విజయనగరంలో కాస్తుంది, తెలంగాణ తోటల్లో కాస్తుంది. ఎక్కడ కాసినా బంగినపల్లే. 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చినప్పుడు కూడా అది మా ఊరి హద్దుల్లో ఆగలేదు, రాష్ట్రంలోని మిగతా తోటలకూ చెందింది. "మీ పేరు దోచుకున్నారు కదయ్యా" అని జాలిపడేవాళ్లు కనిపిస్తుంటారు.

కంటి ఆపరేషనుకు చెన్నై పోయినప్పుడు ఒక నర్సమ్మ కాగితం మీద ఊరి పేరు రాసుకుంటోంది. కర్నూలంటే తలెత్తలేదు, నంద్యాలంటే తలెత్తలేదు. బనగానపల్లె అనగానే కలం ఆపి నవ్వింది. చేత్తో గాలిలో మామిడిపండు ఆకారం చూపించింది. ఆ తర్వాత రెండు రోజులూ నన్ను పేరు పెట్టి కాదు, పండు పేరు పెట్టే పిలిచింది. కంటికి కట్టు ఉండగా చీకట్లో ఆ పిలుపు వింటుంటే నాకు మా ఊరి సంత కనిపించింది.

ఇదే పండును ఢిల్లీ మార్కెట్లో సఫేదా అంటారు. అదే తొక్క, అదే రసం, అదే పీచులేని కండ. తిన్నవాడికి బనగానపల్లె అనే ఊరొకటి ఉందని తెలియదు. పేరు పోగొట్టుకున్నది మేము అక్కడ. బజారుబజారునా మా పేరు అరుస్తున్న చోట కాదు.

నీలగిరి సంగతి ఎత్తుతారు కొందరు. 1840లలో ఆస్ట్రేలియా నుంచి తెచ్చి ఆ కొండల్లో నాటిన చెట్టుకు మనం కొండ పేరే పెట్టేశాం. నీలగిరి చెట్టు, నీలగిరి తైలం. ఆ చెట్టు ఆ కొండల పచ్చికను చాలా తినేసింది, అది నిజంగా నష్టమే. కానీ నష్టం చేసింది చెట్టు, పేరు కాదు. హిమాలయన్ పింక్ సాల్ట్ అని గులాబీ రంగు ఉప్పు అమ్ముతున్నారు. అది పాకిస్తాన్ పంజాబులోని ఖేవ్రా గనిది, అక్కడి కొండలకు ఉప్పుకొండలనే వేరే పేరుంది. మోసం అంటారా? ఉప్పుకొండల వాళ్లకు కోపం రావాలి, రావడం న్యాయం. వాళ్ల పేరు ఉప్పు పొట్లాం మీదికి ఎక్కకపోవడం చూసే నేను ఇంత గట్టిగా చెబుతున్నాను. మన రాయీ కొండ పేరు లేకుండానే పోతోంది కదా.

ఒక్క చోట మాత్రం నేను చెయ్యి వెనక్కి తీసుకుంటాను. నల్లమల తేనె అని బెల్లంపాకం అమ్మేవాడికి బోర్డు రాయను. ఆ పేరు మీద వచ్చే రూపాయి, చెట్టెక్కి పట్టు కోసే చెంచుది.

బిడ్డలకు పెట్టండి

కొండ పేరు మనిషికి పెడతారా అని నోరు తెరిచేవాళ్లు తమ వీధిలో ఒకసారి తిరిగి రావాలి. ఏడుకొండలు అనే మనిషి లేని ఊరుందా? శేషాచలం, వెంకటగిరి, తిరుమలయ్య, శ్రీశైలం ఎంతమంది లేరు? మా కర్నూలు సీమలోనైతే యాగంటయ్యలు, మద్దిలేటిలు, మద్దిలేటమ్మలు బడి హాజరుపట్టీలో వరసగా వస్తారు. మద్దిలేటి అని పిలిచినప్పుడు ఎర్రమలలోని ఒక మూలను పిలిచినట్టే. మూలను పిలిచేవాళ్లం కొండనెందుకు పిలవం?

అరుణాద్రి, అరుణాచలం అని సంస్కృతంలోకి మార్చుకోవద్దు. అరుణాచలం తిరువణ్ణామలైలో ఉంది, దాన్ని అక్కడే ఉండనివ్వండి. ఎర్రమల అనే పెట్టండి. మగపిల్లవాడికైనా ఆడపిల్లకైనా అదే చాలు. తోటిపిల్లలు ఎర్రోడా అని, ఎర్రి అని ఏడిపిస్తారనేది నిజమే. రెండేళ్లు ఏడిపిస్తారు. నలుపు గురించి, పొట్టి గురించి, ఇంటిపేరు గురించి ఏడిపించరా? దానికి భయపడి మంచి పేరు వదులుకోకూడదు.

మా మనవడికి పెట్టించాను. ఊరకే రాలేదు. మా కూతురూ అల్లుడూ మొదట ఒప్పుకోలేదు, పంతులు గారు జన్మనక్షత్రానికి కుదరదన్నారు. ఎర్రమల నరసింహ అని సర్దుకున్నాం. బడిలో చేర్చిన రోజు టీచరమ్మ రిజిస్టరులో రాసుకుంటూ, "ఎర్రమల ఇంటిపేరా?" అని అడిగింది. వాడు కాదన్నట్టు తల ఊపి కిటికీ దగ్గరికి పోయి, మునివేళ్ల మీద లేచి, వేలు పెట్టి చూపించాడు. ఆమె కూడా లేచి వచ్చి చూసింది. ఎండలో గుట్ట ఇటుక రంగులో ఉంది. ఆమె ఆ బడికి వచ్చి నాలుగేళ్లయిందట. ఆ కొండకు పేరుందని ఆ రోజే తెలిసిందని నాతో అన్నది.

కొండను మోసే బండికి కొండ పేరు రాయించండి

నన్ను ఎక్కువమంది తిట్టింది ఈ సలహాకే.

టిప్పర్లకు పేర్లు రాయడం నా పనిలో పెద్ద భాగం. వెనక తలుపు మీద ఆవు, దూడ. పక్కల అమ్మానాన్నల దీవెన. కింద, నన్ను చూసి ఏడవకురా. ముందర అద్దం పైన ఓనరు ఇష్టదైవం. రెండేళ్ల కిందట రాళ్లు తోలే టిప్పరొకటి రంగుకు వచ్చింది. ఓనరును అడిగాను, "ముందర ఎర్రమల అని రాస్తాను, దానికి డబ్బులొద్దు." ఆయన కాసేపు చూశాడు. ఊరికే వస్తోంది కదా అనుకున్నాడేమో, రాయమన్నాడు. అడుగున్నర ఎత్తు అక్షరాలు రాశాను. రెడ్ ఆక్సైడ్ మీద పసుపు అంచు. ర కింద చుట్టే వత్తుకు నిండుగా చోటు వదిలి, చివరి ల తోకను కొద్దిగా పైకి లేపాను. నా చేత్తో రాసినవాటిలో అంత బాగా కుదిరిన బోర్డులు నాలుగో అయిదో ఉంటాయి.

మా ఊళ్లో చదువుకున్న ఒక పెద్దమనిషి, కొండల మీద ప్రేమ ఉన్నవాడే, మా అంగడి ముందు నిలబడి అరిచాడు. "కొండను తవ్వి మోసుకుపోయే బండికి కొండ పేరు రాస్తావా? గొడ్డలికి చెట్టు పేరు పెట్టినట్టుంది." ఆయన కోపం నాకు అర్థమైంది. కానీ నా ఉద్దేశం వేరు. ఆ బండి బరువుతో నంద్యాల వైపు పోతున్నప్పుడు ఎదురొచ్చే ప్రతివాడూ లోపల ఏముందో చదువుతాడు. కంకర కాదు, రాళ్లు కాదు, మట్టి కాదు, ఎర్రమల. డ్రైవరు కూడా పొద్దున బండి తుడిచేటప్పుడు ఆ పేరే తుడుస్తాడు. తాను మోసేది ఏదో తెలిసి మోస్తాడు. అంతకంటే ఆ కొండకు నేను చేయగలిగింది ఏముంది? సిమెంటు బస్తా మీద, క్రషరు గేటు మీద, క్వారీ ఆఫీసు తలుపు మీద, అన్నిటి మీదా రాయించండి. కోసేవాళ్ల చేతే రాయించండి.

బండల సంగతి కూడా ఇదే. మన నాపరాయిని బేతంచెర్ల బండ అంటారు, నల్లదైతే కడప బండ అంటారు. ఊరి పేర్లే, మంచి పేర్లే. కొండ పేరు మాత్రం ఎక్కడా లేదు. ఒక పాలిష్ ఫ్యాక్టరీలో తెలిసిన మేస్త్రీ ఉంటే పోయి కూర్చున్నాను. బండను మిషను కింద పెట్టి నీళ్లు వదులుతారు. మొదట బూడిద రంగు బురద కారుతుంది. దాని కింద నుంచి మెల్లగా లేత ఆకుపచ్చా, మట్టి గోధుమా కలిసిన రంగు తేలుతుంది. అరచెయ్యి పెడితే చల్లగా, తడిసిన పలకలా ఉంటుంది. వెనకవైపు మాత్రం గరుకే, కొండలోంచి ఊడొచ్చిన నాటి తీరే. ఆ గరుకువైపు నేను కుంచెతో ఎర్రమల అని రాశాను. లారీకి ఎత్తేలోపల నలభై బండల మీద రాయగలిగాను. ఆ బండలు బెంగుళూరు పోయాయి. పది రోజులకు అక్కడి తాపీమేస్త్రీ ఫోన్ చేసి, "ఎర్రమల అంటే కొత్త కంపెనీనా? ఈ సరుకు ఇంకా కావాలంటే ఎవరిని అడగాలి?" అన్నాడట. ఆ పేరు ఇప్పుడు బెంగుళూరులో ఒక ఇంటి నేల కింద, సిమెంటులో బోర్లా పడుకుని ఉంది. బండల పనివాళ్లారా, వెనకవైపు మీదే. రాయండి.

దిక్కులు మార్చి పలకండి

పడమర అనొద్దు. ఎర్రమల దిక్కు అనండి. తూర్పు అనొద్దు, నల్లమల దిక్కు అనండి. మా ఊరి నుంచి కోవెలకుంట్ల దాకా ఎవరికైనా ఇది తప్పకుండా అర్థమవుతుంది. వాకిలి ఎటువైపు అంటే నల్లమల వైపు అని చెప్పండి. ముంగారులో మబ్బు వచ్చేది పడమటి నుంచే కదా, "ఎర్రమల మీద మబ్బు పట్టింది, బట్టలు తియ్యండి" అని అరవండి. వాన వెలిసిన పొద్దున రవ్వలకొండ ఎక్కితే రెండు కొండలూ కనిపిస్తాయి. తూర్పు అంచున నల్లమల సన్నని గీతలా. ఆ దూరానికి అది నల్లగా ఉండదు, నీలంగా ఉంటుంది. కాళ్ల కింద ఎర్రమల. ఎర్ర ఎందుకు, నల్ల ఎందుకు అని అర్థాలు తవ్వుతూ అక్కడే కూర్చోకండి. మల అంటేనే కొండ కాబట్టి ఎర్రమల కొండలు అనకూడదని వ్యాకరణం చెప్పేవాళ్ల మాటా వినకండి. రెండుసార్లు అంటే రెండుసార్లు వినిపిస్తుంది.

పేరు ఎంత పని చేస్తుందో చెప్పడానికి నంద్యాల కంటే దూరం పోనక్కర్లేదు. 1800లో నిజాం ఈస్టిండియా కంపెనీవాళ్లకు ధారపోసిన నాటి నుంచి ఈ నేలను దత్తమండలాలు అన్నారు, ఎవరో ఎవరికో ఇచ్చేసిన సొత్తు అన్నట్టు. 1928 నవంబరులో నంద్యాలలో జరిగిన సభలో చిలుకూరి నారాయణరావు గారు రాయలసీమ అన్నారు. మా బనగానపల్లె అప్పటికి నవాబు సంస్థానం, 1948లో గానీ మద్రాసు రాష్ట్రంలో కలవలేదు. అయినా ఆ పేరు మా వాకిళ్లలోకీ వచ్చేసింది. ఇప్పుడు ఆటో వెనక రాయలసీమ, హోటల్ మీద రాయలసీమ రుచులు, సినిమాలో రాయలసీమ బాంబులు. నచ్చనివీ ఉన్నాయి. ఎంత వాడినా ఆ పేరు పలచబడలేదు. నీళ్ల కోసం అడిగేటప్పుడు ఆ పేరుతోనే అడుగుతున్నాం.

రాతిని చదివేవాళ్లు ఈ సంగతి మనకంటే ముందు తెలుసుకున్నారు. 1872లో విలియం కింగ్ మన కర్నూలు, కడప జిల్లాల రాళ్ల మీద పుస్తకం రాసి, పొరలకు మన పేర్లే పెట్టాడు. వజ్రాలు దొరికే గులకరాతి పొరతో మొదలయ్యేదానికి బనగానపల్లె. దాని మీదివాటికి జమ్మలమడుగు, పాణ్యం, కుందేరు. వాటన్నిటికంటే పాతదైన ఇంకో బారుకు నల్లమల. ఇప్పటికీ రాళ్ల చదువు చదివే పిల్లలు బస్సుల్లో వచ్చి సుత్తితో రాయి కొట్టి చూసి ఆ పేర్లే రాసుకుంటారు. ఒకసారి ఆ పిల్లల పంతులు మా అంగడిలో నీళ్లు తాగుతూ ఈ వరస చెప్పాడు, నేను సుద్దతో గోడ మీద రాసుకున్నాను. ఆ రాత ఇంకా ఉంది. పంతులు గార్లకు నా మనవి, ఆ పిల్లలు కొట్టే రాయి ఏ కొండదో కూడా చెప్పించి పంపండి.

రైలుకు అడగండి

నంద్యాల నుంచి ఎర్రగుంట్లకు మన ఊరి మీదుగా రైలు 2016లో వచ్చింది. ఎన్నో ఏళ్లు ఎదురుచూసిన లైను. తిరుమల ఏడుకొండల్లో శేషాద్రికి రైలుంది, నారాయణాద్రికి ఉంది, వెంకటాద్రికి ఉంది. బెజవాడ నుంచి విశాఖకు రత్నాచల్ ఉంది. ఈ లైను మీద తిరిగే బండికి ఎర్రమల పేరు పెట్టమని అర్జీ రాయండి. ఊరికొకటి కాదు, మనిషికొకటి రాయండి. కార్డు మీద రాసినా సరే. స్టేషనులో మైకు ఆ పేరును తెలుగులో, హిందీలో, ఇంగ్లీషులో మూడుసార్లు పలుకుతుంది, రోజూ పలుకుతుంది. టికెట్టు తీసుకునే ముసలమ్మ పలుకుతుంది, చాయ్ అమ్మే పిల్లవాడు పలుకుతాడు. దేశంలో ఏ మూలనున్నవాడైనా రైళ్ల పట్టికలో చదువుతాడు. నేను ఇప్పటికి పదకొండు కార్డులు వేశాను.

టిఫిన్ హోటల్ కుర్రాడు మొన్న మళ్లీ వచ్చాడు. ఎండకూ వానకూ బోర్డు పెచ్చులూడిందట, మళ్లీ రాయాలట. నల్లమలకు నాలుగు అక్షరాలు, ఎర్రమలకూ నాలుగే. అక్షరానికింత అని తీసుకునే నాకు రెండూ ఒకటేనని చెప్పాను. ఎర్రమల అయితే అదీ తీసుకోనన్నాను. ఆలోచించుకుని చెబుతానని బోర్డు నా దగ్గరే పెట్టి పోయాడు. పాత అక్షరాలు గీకి, గరుకు కాగితంతో రుద్ది, తెల్లరంగు కొట్టి గోడకు ఆనించాను. ఆరిపోయింది.

ఇంకెవరికైనా కావాలంటే బనగానపల్లె రండి. పొద్దున తొమ్మిదికి అంగడి తీస్తాను, రెడ్ ఆక్సైడ్ డబ్బా మూత తీసే ఉంటుంది. రేకు మాత్రం మీరే తెచ్చుకోండి.